జయపురం నుంచి హైదరాబాద్‌కు విమాన దూరం ఎంత, ఇంటి నుంచి లెక్కేస్తే పట్టే సమయం ఎంత?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఉండేది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో. నాన్నగారిని హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రిలో చూపించాలి, అపాయింట్‌మెంట్ మధ్యాహ్నం రెండింటికి. నెట్‌లో చూస్తే జయపురం, శంషాబాద్ విమానాశ్రయాల మధ్య దూరం ఒకచోట 473 అని, ఇంకోచోట 294 అని, మరోచోట 255 అని ఉంది. ప్రయాణ సమయం గంటా ఐదు నిమిషాలన్నారు. తీరా టికెట్ వెతికితే డైరెక్ట్ విమానమే కనబడలేదు. ఏది నమ్మాలి, తెల్లవారుజామున బయల్దేరితే రెండింటికి ఆస్పత్రిలో ఉండగలమా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. దూరం విషయంలో ఆ మూడూ నిజమే. 473 కిలోమీటర్లు, 294 మైళ్లు, 255 నాటికల్ మైళ్లు, మూడూ ఒకటే దూరం. సమయం మాత్రం కాగితం మీది లెక్క, దాన్ని పక్కన పెట్టండి. మన ఊరి నుంచి ఇంటి గుమ్మం దాటింది మొదలు హైదరాబాద్ ఆస్పత్రి గుమ్మం దాకా జగదల్‌పూర్ మీదుగా అయితే సుమారు ఆరేడు గంటలు, విశాఖ మీదుగా అయితే పది గంటలు పెట్టుకోండి. మధ్యాహ్నం రెండింటి అపాయింట్‌మెంట్‌కు అదే రోజు బయల్దేరవద్దు. ముందు రోజే హైదరాబాద్ చేరండి.

జయపురంలో టికెట్ల పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆస్పత్రుల కోసం విశాఖ, హైదరాబాద్ వెళ్లేవాళ్లే. మీరడిగినట్టే వాళ్లూ "ఫ్లైట్ ఎంతసేపు?" అని అడిగేవారు. నేను మాత్రం ముందు డాక్టర్ దగ్గర ఏ టైముకి ఉండాలో కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టేవాడిని. మీకూ అదే పద్ధతిలో చెబుతాను.

ముందు ఆ గంటా ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. దూరం చూపించే సైట్లు ప్రతి విమానాశ్రయానికీ ఉండే అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని, రెంటి మధ్య అతి తక్కువ దూరం ఎంతో కడతాయి. దాన్ని జెట్ విమానం వేగంతో, అంటే గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లతో భాగిస్తాయి. 473ను 800తో భాగిస్తే ముప్పై ఆరు నిమిషాల లోపే వస్తుంది. పైకి లేవడానికి, దిగడానికి అని ఇంకో అరగంట కలిపితే గంటా ఐదు నిమిషాలు. అంతే. ఆ రెండు ఊళ్ల మధ్య అసలు విమానం తిరుగుతుందా లేదా అన్నది ఆ లెక్క చూడదు. ప్రపంచంలో ఏ రెండు విమానాశ్రయాల పేర్లు ఇచ్చినా ఒక అంకె ఇచ్చేస్తుంది.

పైగా జయపురం రన్‌వే పొడవు పన్నెండు వందల మీటర్లే. శంషాబాద్‌లో మీరు చూసే ఎయిర్‌బస్‌లు ఇక్కడ దిగవు. ఇక్కడికి 2022 నుంచి, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్రం వారి ఉడాన్ పథకం కింద వచ్చినది తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్. ఒకటే ఇంజను, ముందు పంకా తిరిగే రకం. దాని వేగం గంటకు సుమారు 320 నుంచి 340 కిలోమీటర్లు. ఒకవేళ అదే హైదరాబాద్ వెళ్లినా గాలిలోనే గంటన్నర పడుతుంది. అంటే ఎనిమిది వందల వేగంతో వేసిన లెక్క మన రన్‌వేకి మొదటి నుంచీ వర్తించదు.

ఇంకో జాగ్రత్త, పేరు గురించి. టికెట్ సైట్‌లో ఇంగ్లీషులో జయపురం అని కొట్టేసరికి చాలాసార్లు రాజస్థాన్ జైపూర్ ముందు వస్తుంది. మన విమానాశ్రయం కోడ్ పీవైబీ, వాళ్లది జేఏఐ. మా వీధిలోనే ఒకాయన ఫోన్‌లో తనే టికెట్ కొనుక్కుని, ప్రయాణానికి ముందు రోజు ప్రింట్ తీయించుకోవడానికి వచ్చాడు. చూస్తే రాజస్థాన్ నుంచి హైదరాబాద్‌కు టికెట్. రద్దు చేస్తే చేతికి వచ్చింది ఏమీ లేదు. గుర్తు పట్టడానికి సులువైన పద్ధతి దూరమే. హైదరాబాద్‌కు దూరం 470 ప్రాంతంలో చూపిస్తే అది మన ఊరు, 1,100 ప్రాంతంలో చూపిస్తే రాజస్థాన్.

ఇక అసలు దారులు.

మ్యాపు మీద నేరు గీత కాకుండా మనం నిజంగా ఎక్కగలిగే విమానాశ్రయాలు చూస్తే మూడు కనబడతాయి. జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు గగనమార్గంలో సుమారు 433 కిలోమీటర్లు. విశాఖ నుంచి 511. భువనేశ్వర్ నుంచి 847. వీటిలో భువనేశ్వర్‌ను వదిలేయండి. జయపురం నుంచి భువనేశ్వర్‌కే 374 కిలోమీటర్లు, అదీ హైదరాబాద్‌కు వ్యతిరేక దిక్కులో. అక్కడికి వెళ్లి మళ్లీ 847 వెనక్కి రావడమంటే తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టే. సైట్లలో అప్పుడప్పుడు ఈ దారి చవకగా కనబడుతుంది, ఆశపడకండి. డెబ్బై ఏళ్ల మనిషిని ఆ తిప్పట తిప్పకూడదు.

జగదల్‌పూర్ దారి. ఛత్తీస్‌గఢ్ అనగానే మనవాళ్లు దూరం అనుకుంటారు గానీ బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్ ఎనభై ఐదు కిలోమీటర్ల చిల్లర. ఘాట్ లేదు, దాదాపు చదును రోడ్డు. కారులో రెండు గంటలు వేసుకోండి. విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంటుంది, చిన్నది, లోపల నడక తక్కువ. హైదరాబాద్‌కు 2020 సెప్టెంబరులో సర్వీసు మొదలైంది. తిరిగేది ఏటీఆర్ 72, దీనికీ రెక్కలకు పంకాలే. వేగం గంటకు ఐదు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. 433 కిలోమీటర్లే అయినా టికెట్ మీద గంటా ఇరవై నిమిషాల పైచిలుకు ఉంటుంది. భయపడకండి, అది విమానం కదిలినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఆగి తలుపు తీసేదాకా వేసిన సమయం.

దీంట్లో ఉన్న చిక్కల్లా సర్వీసులే. కొన్నాళ్లు ఎక్కువ ఉంటాయి, కొన్నాళ్లు తగ్గుతాయి, వారంలో అన్ని రోజులూ ఉండకపోవచ్చు. మన దేశంలో విమానాల టైము టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి శనివారం దాకా ఒకటి, మిగతా నెలలకు ఇంకొకటి. పోయిన ఏడాది మీ బంధువు వెళ్లిన టైమే ఇప్పుడూ ఉంటుందనుకోకండి. అపాయింట్‌మెంట్ తేదీ ఖాయం చేసుకునే ముందే విమానం ఏ రోజుల్లో ఉందో చూసి, ఆస్పత్రివాళ్లను ఆ మర్నాటి తేదీ అడగండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి ఇబ్బంది పడతారు. ఆస్పత్రి తేదీ ఒక రోజు అటూ ఇటూ జరపవచ్చు, విమానాన్ని జరపలేం.

విశాఖ దారి. హైదరాబాద్‌కు రోజుకు బోలెడన్ని విమానాలు ఉన్నది ఇక్కడి నుంచే, అందుకే ఎక్కువమంది ఇటే వెళతారు. రోడ్డు మీద సుమారు 220 కిలోమీటర్లు. నేరు గీత గీస్తే జయపురం నుంచి విశాఖ 147 కిలోమీటర్లే. మిగతాదంతా కొండలు తినేసిన దూరం. జయపురం నుంచి కోరాపుట్ ఎక్కేది ఒక ఘాట్, సుంకి దగ్గర సాలూరు వైపు దిగేది ఇంకో ఘాట్. సాలూరు అసలే లారీల ఊరు. రాత్రీ పగలూ లోడు లారీలు ఆ మలుపుల్లో పాకుతూ ఉంటాయి. ఒక్క లారీ మలుపులో ఆగిపోయిందంటే ముందుకీ వెనక్కీ వరసలు కట్టేస్తాయి. ఇలాంటప్పుడు డ్రైవర్ ఎంత మంచివాడైనా చేయగలిగేది ఏమీ ఉండదు. వానాకాలంలో కొండచరియలు జారితే ఇంకా కష్టం.

అందుకని ఐదు గంటలకు తగ్గించి లెక్క వేయొద్దు. పెద్దవాళ్లుంటే ఐదున్నర. ఘాట్‌లో కడుపులో తిప్పడం మామూలే కాబట్టి బయల్దేరే ముందు ఇడ్లీలు రెండింటికి మించి పెట్టకండి, సాలూరు దాటాక ఆపి తినిపించండి. షుగర్ మందులు వేసుకునేవారైతే ఈ సంగతి ముందే వాళ్ల డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

ఒక రోజు లెక్క రాసి చూపిస్తాను. ఉదయం ఐదింటికి ఇంటి నుంచి బయల్దేరారు. పదిన్నరకు విశాఖ విమానాశ్రయం. పన్నెండున్నరకు విమానం. టికెట్ మీద గంటా పది నుంచి గంటా ఇరవై, అంటే పావు తక్కువ రెండుకు శంషాబాద్. దిగి, సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి రెండుంబావు. అక్కడి నుంచి పంజాగుట్ట వైపు ఆస్పత్రి అయితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా గంట. మూడుంబావు. ఎక్కడా ఏమీ ఆలస్యం కాని రోజు సంగతి ఇది. మీ అపాయింట్‌మెంట్ రెండింటికి!

ఈ పది గంటల్లో గాలిలో ఉన్నది గంట కూడా కాదు, గమనించండి. అందుకే "ఆ ఫ్లైట్ పది నిమిషాలు తక్కువ పడుతుందట" అని ఐదొందలు ఎక్కువ పెట్టడంలో అర్థం లేదు. ఆ డబ్బు మంచి కారుకి, మంచి డ్రైవర్‌కి పెట్టండి. సుంకి ఘాట్‌లో పగటిపూట దిగేలా బయల్దేరండి.

511 కిలోమీటర్లకు జెట్ విమానం కూడా గంటా పదిహేను నిమిషాలు ఎందుకు తీసుకుంటుందని మీకు అనుమానం రావచ్చు, దాని వేగం ఎనిమిది వందలు కదా అని. ఆ వేగం బాగా పైకి వెళ్లాకే. పది వేల అడుగుల లోపు విమానాలు 250 నాట్లు, అంటే సుమారు 460 కిలోమీటర్ల వేగం దాటకూడదన్నది సాధారణ నియమం. విశాఖ–హైదరాబాద్ లాంటి చిన్న దూరంలో పైకి ఎక్కడం, కిందికి దిగడం తోనే చాలా భాగం అయిపోతుంది. దానికి రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, క్యూలో ఆగడం కలుస్తాయి. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి మన వైపు నుంచి వెళ్లే విమానం తిన్నగా వెళ్లి దిగిపోతుంది. చలికాలంలో తూర్పు గాలి ఉన్న రోజుల్లో విమానాశ్రయాన్ని పక్కన పెట్టి పడమర వైపు దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చి దిగాలి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు కింద టెర్మినల్ కనబడి, మళ్లీ కనుమరుగవుతుంది. అప్పుడు చాలామంది టెన్షన్ పడిపోతారు. ఏమీ కాదు, అది మామూలు పద్ధతే, ఓ పది నిమిషాలు ఎక్కువ. ఎయిర్‌లైన్లు ఇవన్నీ కలుపుకునే టికెట్ మీద టైము వేస్తాయి, అందుకే కొన్నిసార్లు "ముందే దిగేశాం" అని సంతోషపడతాం.

విశాఖలో ఇంకో సంగతి. ఇప్పటి విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలో భాగం. ఊరి నడుమ దారిలో చిక్కుకోకుండా, విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు ఆనందపురం దగ్గర పెందుర్తి రోడ్డు పట్టి, గోపాలపట్నం మీదుగా విమానాశ్రయం దగ్గరి ఎన్ఏడీ కూడలిలో తేలితే మంచిది. భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం కూడా కట్టారు. అక్కడి నుంచి ఎక్కే టికెట్ అయితే హైదరాబాద్‌కు గగన దూరం ముప్పై కిలోమీటర్లకు పైగా పెరుగుతుంది, మన రోడ్డు మాత్రం తగ్గుతుంది, విశాఖ ట్రాఫిక్ పూర్తిగా తప్పుతుంది. దూరం పెరిగినా మనకు లాభమే. కాకపోతే టికెట్ మీద ఏ విమానాశ్రయం పేరుందో చదివి, డ్రైవర్‌కి అదే చెప్పండి. రెంటి మధ్య నలభై ఐదు కిలోమీటర్ల పైనే. పొరపాటున ఒకదానికి బదులు ఇంకోదానికి వెళితే ఆ విమానం మీద ఆశ వదులుకోవాల్సిందే.

మరి మన జయపురం నుంచి విశాఖకు ఆ చిన్న విమానం ఎక్కితే? ముప్పావు గంటలో విశాఖ, ఘాట్ బాధ లేదు. నాకు ఆ సర్వీసంటే ఎంతో ఇష్టం. ఈ కొండల నుంచి రోగిని అంత త్వరగా దింపే దారి ఇంకోటి లేదు. ఎప్పుడు నడిస్తే అప్పుడు మనవాళ్లు ఎక్కాలి, నిలబెట్టుకోవాలి. కానీ దాన్నే నమ్ముకుని హైదరాబాద్ టికెట్ కొనొద్దు. ఇక్కడ పైలట్ కంటికి కనిపిస్తేనే దిగాలి. చలికాలం పొద్దున్నే మన దగ్గర మంచు ఎలా కమ్ముకుంటుందో మీకు తెలుసు. వానాకాలంలో మబ్బు కొండల మీదే కూర్చుంటుంది. రెండు రకాల రోజుల్లోనూ విమానం ఆలస్యమో, రద్దో అవుతుంది.

ఆ రద్దు వల్ల విశాఖలో రెండో విమానం తప్పిపోతే ఎవరు చూసుకుంటారు? రెండూ ఒకే టికెట్, ఒకే పీఎన్ఆర్ అయితే ఎయిర్‌లైన్ బాధ్యత. విడివిడిగా కొంటే పూర్తిగా మీ నెత్తినే. ఒక కుటుంబం బైపాస్ ఆపరేషన్ కోసం వెళుతూ మధ్యలో గంటన్నర పెట్టుకుని రెండు వేర్వేరు టికెట్లు కొన్నారు. పొగమంచుకు మొదటిది రెండు గంటలు ఆలస్యం. రెండోది వెళ్లిపోయింది. అప్పటికప్పుడు కొన్న టికెట్లకు మొదటి ధర కంటే మూడింతలు పెట్టారు. విడి టికెట్లు తప్పకపోతే మధ్యలో కనీసం నాలుగు గంటలుండాలి. అది సాయంత్రం విమానమైతే ఇంకా మంచిది, ఇక్కడ రద్దయినా కారులో అందుకునే వీలుంటుంది.

విమానమే ఎక్కాలని పట్టుదల లేకపోతే ఇంకో దారి చెబుతాను. ఉదయం నెమ్మదిగా బయల్దేరి విశాఖ చేరి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పడుకుని వెళ్లి తెల్లారేసరికి హైదరాబాద్. మొత్తం గంటలు ఎక్కువే. కానీ నడుం వాల్చి వెళ్లగలగడం కొందరు పెద్దవాళ్లకు విమానం కంటే సుఖం. వెన్నునొప్పితో వెళ్లేవాళ్లకు నేను చాలాసార్లు ఇదే చెప్పాను. కింద బెర్తు ఖాయంగా దొరికితేనే సుమా.

చివరగా నాన్నగారి కోసం కొన్ని. ఈ చిన్న విషయాల దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు.

పేరు ఆధార్‌లో ఉన్నట్టే టికెట్‌లో ఉండాలి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, ఇక్కడి కాగితాల్లో ఇంటిపేరు చివర. కొందరికి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు కార్డు ఎదురుగా పెట్టుకుని, స్పెల్లింగ్ చూసి కొట్టండి.

చాలా ఎయిర్‌లైన్లు బయల్దేరే టైముకి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, గేటు ఇరవై ఐదు నిమిషాల ముందు. విమానం అక్కడే కళ్లెదురుగా నిలబడి ఉన్నా ఆ తర్వాత ఎక్కనివ్వరు. బతిమాలి లాభం లేదు. రెండు గంటల ముందు చేరేలా చూసుకోండి.

వీల్‌చైర్ కావాలంటే టికెట్ కొనేటప్పుడే పెట్టండి, లేదా కనీసం నలభై ఎనిమిది గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పండి. నడవగలిగినవాళ్లు కూడా తీసుకోవడంలో తప్పు లేదు, శంషాబాద్‌లో నడక చాలా ఎక్కువ. మోకాళ్ల నొప్పులుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఏటీఆర్‌కు ఎక్కేది తోక వైపు తలుపు నుంచి, తలుపుతోపాటే వచ్చే ఇరుకు మెట్ల మీదుగా. మెట్లు ఎక్కలేరంటే ఆ మాట టికెట్‌లోనే రాయించండి. మెట్లు ఎక్కగలరు కానీ ఎక్కువ దూరం నడవలేరు అన్నదొక రకం, మెట్లే ఎక్కలేరు అన్నది వేరే రకం. ఏర్పాటు దాన్నిబట్టి ఉంటుంది. సీటు వెనక వైపు తీసుకోండి, ఎక్కగానే కూర్చోవచ్చు.

ఈ మధ్య ఆపరేషన్ అయినా, ఆక్సిజన్ అవసరం ఉన్నా డాక్టర్ కాగితం లేకుండా విమానాశ్రయానికి వెళ్లొద్దు. ఎయిర్‌లైన్‌కు ముందే పంపి, ఒప్పుకున్నాకే బయల్దేరండి. మందులు, రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద సూట్‌కేసులో వేయకండి.

తిరుగు ప్రయాణం టికెట్ ఇప్పుడే కొనకండి. డాక్టర్ ఇంకో పరీక్ష రాస్తే రెండు రోజులు ఉండాల్సి వస్తుంది. ఆయన వెళ్లమన్నాక, జగదల్‌పూర్ విమానం ఏ రోజు ఉందో చూసి అప్పుడు కొనండి. ఆ రోజు లేకపోతే విశాఖకు ఉదయం మొదటి విమానాల్లో ఒకటి పట్టండి. మధ్యాహ్నానికల్లా సాలూరు చేరి, వెలుతురు ఉండగానే ఘాట్ ఎక్కేస్తారు.

మీ అపాయింట్‌మెంట్ తేదీ, నాన్నగారు మెట్లు ఎక్కగలరా లేదా రాయండి. ఏ రోజు ఏ దారి నయమో చూసి చెబుతాను.